ఎనిమిదో వరసలో బ్రాకెట్టు

పోయిన ఆదివారం మా అపార్ట్‌మెంటు వాట్సాప్ గ్రూపులో ఎవరో ఒక లెక్క పెట్టారు. 6 + 2 × 3 ఎంత? తెలివైనవాళ్ళు మాత్రమే చెప్పగలరట. నా కాఫీ అయ్యేలోపు ముప్పై ఒక్క మెసేజీలు వచ్చాయి. ఇరవై నాలుగు అన్నవారు పంతొమ్మిది మంది. పన్నెండు అన్నవారు నాతో కలిపి పదకొండు మంది. ఒకాయన జవాబు చెప్పకుండా దణ్ణం పెట్టే బొమ్మ పెట్టాడు. మూడో అంతస్తులో ఉండే రిటైరైన ఇంజినీరుగారు, "మేడమ్, మీ కాలంలో పన్నెండు వచ్చేదేమో" అని రాశారు. గుణకారం కాలాన్నిబట్టి మారదని రాసి, ఫోను బోర్లా పెట్టేశాను.

అలా పెట్టాక ఆవిడ గుర్తొచ్చింది.

ఆవిడ పోయి రెండేళ్ళ మూడు నెలలైంది. పేరు రాయను. మా నరసాపురంలో, మా అపార్ట్‌మెంటు వెనక వీధిలో ఆవిడని పేరుపెట్టి పిలిచినవారు లేరు. అందరికీ అక్కగారే. ఆ వీధిలో పన్నెండుమంది ఆడవాళ్ళు కంపెనీకి లేసు అల్లేవారు. ఆవిడ వాళ్ళకి పెద్ద. డిజైను తెచ్చి, నూలు పంచి, అయిన గుడ్డలు అప్పగించడం ఆవిడ పని. ఐదో తరగతి వరకు చదివింది. ఆరులో చేరవలసిన ఏడాది సూది పట్టింది.

ఆవిడ జుట్టు ముడిలో ఎప్పుడూ రెండు అల్లిక సూదులు ఉండేవి. అల్లుతూ అల్లుతూ ఎడమచేతి చిటికెన వేలు పైకి లేపిందంటే కుట్లు లెక్కపెడుతోందని అర్థం. ఆ వేలు దిగేవరకు ఎదటివారు మాట్లాడకూడదు. ఒకసారి గ్యాస్ సిలిండరు తెచ్చినతను, ఎక్కడ దింపాలో అడగబోయి వేలు చూసి ఆగిపోయాడు. పదిహేడు కుట్లసేపు సిలిండరు భుజం మీదే ఉంది. దారిన పోతున్న నేను ఆవిడ గుమ్మం ముందు ఆగి లెక్కపెట్టాను. అదే మా మొదటి పరిచయం. వేలు దించి ఆవిడ, "మీకూ లెక్కపెట్టే జబ్బుందాండీ?" అంది. ముప్పై నాలుగేళ్ళ పదకొండు నెలలు ఆడపిల్లల హైస్కూల్లో లెక్కలు చెప్పానని అన్నాను. "ఆయ్, అయితే ఉంటుందండి" అంది.

తరవాత చాలాకాలం నమస్కారాలే తప్ప మాటలు లేవు. ఆషాఢమాసంలో ఒక బుధవారం సాయంత్రం ఆవిడ నా గుమ్మం ముందు నిలబడి, గుడ్డసంచిలోంచి తెల్లటి వస్తువు ఒకటి తీసి నా చేతిలో పెట్టింది.

"ఇదేంటో చెప్పండి టీచరుగారూ."

అటూ ఇటూ తిప్పి చూశాను. అంచులన్నీ అలలు అలలుగా పైకి లేచి, ఒకదానిమీద ఒకటి ఎక్కి ఉన్నాయి.

"క్యాబేజీ" అన్నాను.

"బల్లమీద పరిచే గుడ్డండి ఇది."

సంగతి ఏమిటంటే, అంతకుముందు డిజైన్లు నోటితో చెప్పే ఏజెంటు ఒకావిడ ఉండేది. ఆవిడ రాజమండ్రి వెళ్ళిపోయింది. కంపెనీవాళ్ళు అప్పట్నుంచి ఏ వరసలో ఎన్ని కుట్లో అంకెల్లో రాసి, ఆ కాగితం ఫొటో తీసి ఫోనులో పంపడం మొదలెట్టారు. ఒక వరస దగ్గర 4 + 3 × 6 అని ఉంది. అంటే ముందు నాలుగు కుట్లు వేసి, ఆ తరవాత మూడేసి చొప్పున ఆరుసార్లు వెయ్యాలి. మొత్తం ఇరవై రెండు. వీళ్ళు ఎడమనుంచి చదువుకుంటూ పోయారు. నాలుగూ మూడూ ఏడు, ఏడారులు నలభై రెండు. ఇరవై రెండు కుట్లు పట్టే చోట నలభై రెండు వేస్తే గుడ్డ ఎక్కడికి పోతుంది? పైకి లేస్తుంది. పన్నెండుమందికి తలా రెండు చొప్పున ఇరవై నాలుగు క్యాబేజీలు తయారయ్యాయి. కంపెనీ అన్నిటినీ వెనక్కి పంపింది.

"అల్లేటప్పుడు తెలియలేదా మీకు?" అన్నాను. కొంచెం కఠినంగానే అన్నాను.

"నా చేతికి తెలిసిందండి. సగం వరసలోనే లేస్తోంది. కానీ కాగితంలో ఉంది కదండీ! ఫారినోళ్ళకి ఇలాగే కావాలేమో అనుకున్నాం. చిరిగిన ప్యాంట్లు కూడా కొంటారు కదండీ ఆళ్ళు."

నేను నవ్వాను. ఆవిడ నవ్వలేదు.

"పదిహేనో రోజున కంపెనీకి రమ్మన్నారండి. కొత్త షీటు నా ముందు పెడతారంట. చదివి, ఆళ్ళ ఎదురుగానే అల్లి చూపించాలంట. తప్పితే మా వీధి పని తీసేసి రైలుకట్ట అవతల వీధికి ఇచ్చేస్తారంట. అక్కడెవరో డిగ్రీ చదివిన కోడలుందంట. నేనైతే ఏదోటి చూసుకుంటానండి. మాలో ఇద్దరికి కాళ్ళు లేవవు. కుర్చీలోంచి కదలకుండా చేసే పని ఇదొక్కటే ఆళ్ళకి. ఈ గీతలు, ఈ బ్రాకెట్లు, ఇదిగో ఈ ఇంటూ పక్కన ఇంకో ఇంటూ ఉంది, ఇవన్నీ నాకు చెప్పాలండి మీరు."

పక్కనున్నది ఇంటూ కాదు, ఎక్స్ అని చెప్పాను. ఆవిడ రెంటినీ కాసేపు చూసి, "ఒకే మొహం పెట్టుకుని రెండు పేర్లేంటండీ?" అంది.

ఉన్నవి పద్నాలుగు రోజులు. ఒకరోజు వాన. ఒకరోజు ఆవిడ పెద్దాపురం మరిడమ్మ జాతరకి వెళ్ళింది. ఆ మొక్కు ఆపడానికి వీల్లేదంది. మిగిలినవి పన్నెండు పాఠాలు. నాలుగింటి నుంచి అయిదున్నర దాకా, రోజుకి గంటన్నర. మొత్తం పద్దెనిమిది గంటల్లో ఆవిడకి నేను నేర్పిందీ, నాకు ఆవిడ తెచ్చిన తలనొప్పీ రెండూ నా డైరీలో ఉన్నాయి.

మొదటి రోజే రూలు చెప్పాను. ముందు బ్రాకెట్టులో ఉన్నది, తరవాత భాగహారం, గుణకారం, ఆ తరవాతే కూడిక, తీసివేత.

"ఎవరు పెట్టారండీ ఇది?" అంది.

"ఎవరో పెట్టారు. ప్రపంచమంతా పాటిస్తుంది."

"పాటిస్తే సరిపోద్దాండీ? నాలుగూ ప్లస్సూ ముందొచ్చి నిలబడ్డాయి. ఈ గుణకారం వెనకాల తాపీగా వచ్చి, ముందు నన్ను చూడండంటే ఎవరూరుకుంటారు? మా రేషను షాపు దగ్గరైతే కొట్టేసుకుందురండి."

మూడు రోజులు ఇదే వాదన. నేను రూలు మళ్ళీ మళ్ళీ చెప్పడం, ఆవిడ "ఆయ్, అలాగేనండి" అంటూనే ఎడమనుంచి చేసుకుంటూ పోవడం. మొదటి హోంవర్కు అయితే క్యాలెండరు కాగితం వెనక గుండ్రంగా రాసుకొచ్చింది. మధ్యలో మొదటి లెక్క, దాని చుట్టూ రెండోది, దాని చుట్టూ మూడోది. లేసు అల్లే మనిషికి వరస అంటే చుట్టూ తిరిగేదే. నేను కాగితం తిప్పుకుంటూ దిద్దాను. నా సర్వీసులో తల తిరిగేలా దిద్దిన కాగితం అదొక్కటే.

నాలుగో రోజున విసుగొచ్చి, పుస్తకం మూసేసి అడిగాను.

"మీ ఇంటికి ఆత్రేయపురం నుంచి పూతరేకులు వచ్చాయి. విడిగా నాలుగు. ఆరేసి చొప్పున పెట్టిన పెట్టెలు మూడు. మొత్తం ఎన్ని?"

"ఇరవై రెండు" అంది, అల్లిక ఆపకుండానే.

"ఎలా చెప్పారు? విడివి నాలుగూ, పెట్టెలు మూడూ కలిపి ఏడు అనలేదేం?"

"విడి పూతరేకుల్ని పెట్టెలతో కలిపి ఎవరైనా లెక్కపెడతారాండీ? ముందు పెట్టెల్లో ఎన్నున్నాయో చూసుకోవద్దూ?"

అని, అక్కడ ఆగింది. సూది ఆగింది. నా ముందున్న కాగితం లాక్కుని 4 + 3 × 6 వంక చాలాసేపు చూసింది.

"ఈ ఇంటూ ఉన్నదల్లా పెట్టే అన్నమాట."

"అవును."

"మూణ్ణాళ్ళ కిందటే చెప్పుంటే సరిపోయేది కదండీ, ప్రపంచమంతా పాటిస్తుందని బెదిరించేకంటేను."

అక్కణ్ణుంచి ఆవిడని పట్టుకోవడం నా వల్ల కాలేదు. బ్రాకెట్టు ముందు మైనస్ ఉంటే లోపల గుర్తులు మారతాయని నేను పిల్లలకి ఏళ్ళ తరబడి చెప్పాను. ఎందుకు మారతాయని అడిగినవాళ్ళకి, మారతాయి కాబట్టి అని చెప్పాను. 10 – (5 – 2) ఇచ్చి ఆవిడని తప్పులో పడేద్దామనుకున్నాను. ఆవిడ పెదవులు కదిపి, "పది కుట్లున్నాయి. అయిదు ఊడదీయమన్నారు. అంతలో మనసు మార్చుకుని, ఆ అయిదులో రెండు వద్దులే, ఉంచెయ్ అన్నారు. ఏడు" అంది. నేను లేచి మంచినీళ్ళు తాగి వచ్చాను.

ఇక ఎక్స్ సంగతి. చిన్నా పెద్దా సైజులకి ఒకే షీటు పనికొస్తుందని కంపెనీవాళ్ళు (x + 2) × 9 అని రాసి, ఏ వరసకి x ఎంతో పక్కన వేసేవారు. ఎక్స్ అంటే విలువ ఇంకా తెలియని సంఖ్య అని చెప్పాను. ఆ మర్నాటి నుంచి ఆవిడ దాన్ని ఎక్సుగారు అనడం మొదలెట్టింది.

"గారు ఎందుకండీ దానికి?"

"ఎంతటివారో తెలీదన్నారు కదండీ. తెలీనోళ్ళని గారు అనకపోతే బాగోదు."

విలువ తెలిసిన క్షణంలో ఆ గౌరవం పోయేది. x + 7 = 11 చేస్తూ, "ఎక్సుగారికి ఏడు కలిపితే పదకొండయ్యారు. ఏడు తీసేస్తే... ఓస్, వీడు నాలుగేనా!" అని, కాగితం మీద నాలుగు వేసి, దాన్ని సూదితో ఒకసారి పొడిచేది. 3x, 2y కలిపి 5xy అని రాయడం మా స్కూల్లో ప్రతి ఏడూ సగం క్లాసు చేసే తప్పు. ఈవిడ ఒక్కసారీ చెయ్యలేదు. "ఎక్సుగార్లు ముగ్గురూ వైగార్లు ఇద్దరూ ఒకే పంక్తిలో కూర్చుంటారు గానీ, ఒకే విస్తట్లో తినరు కదండీ" అంది. నేను ఆ మాట రాసుకుంటుంటే చూసి, "తప్పా అండీ?" అని భయపడింది. ఆ ఒక్క భయమే చూశాను ఆవిడలో, పన్నెండు రోజుల్లోనూ.

చెప్పిన రోజు రానే వచ్చింది. నన్ను రావద్దంది. వెళ్ళాను. మేనేజరుగారు యాభై దాటినవారు. చొక్కా జేబులో నాలుగు పెన్నులు. షీటు ఆయనే రాశారట. బల్లమీద పెట్టి, కుర్చీలో వెనక్కి వాలి చూస్తున్నారు. ఆవిడ ఒక్కొక్క వరసే పైకి చదివింది. మొదటి వరస తొమ్మిది, రెండోది పద్దెనిమిది, అలా తొమ్మిదేసి పెరుగుతూ అయిదో వరసకి నలభై అయిదు.

"ఆరో వరస, ఎక్స్ ప్లస్ రెండు బ్రాకెట్టు, ఇంటూ తొమ్మిది. ఎక్స్ నాలుగు. యాభై నాలుగండి."

"కరెక్ట్."

"ఏడో వరస, ఎక్స్ అయిదు. అరవై మూడండి."

"కరెక్ట్. ఎనిమిది?"

ఎనిమిదో వరస దగ్గర చోటు చాలక కాబోలు, ఎక్స్ మానేసి నేరుగా 6 + 2 × 9 అని రాసి ఉంది. ఆవిడ చదవడం ఆపింది. చేతిలో కుట్లేమీ లేకపోయినా చిటికెన వేలు లేచింది.

"ఇరవై నాలుగు" అన్నాను నేను. చెవిలో చెప్పాననే అనుకున్నాను. గదిలో అందరికీ వినబడింది.

"మీరెవరండీ?" అన్నారు మేనేజరుగారు.

"ఈవిడకి లెక్కలు చెప్పినదాన్ని."

"మరి తప్పు చెప్పారండి. ఆరూ రెండూ ఎనిమిది. ఎనిమిది తొమ్మిదులు డెబ్భై రెండు."

"అలా చదివినందుకే కదండీ, ఈవిడ గుడ్డలు ఇరవై నాలుగూ వెనక్కి పంపారు?"

"అది వేరే డిజైనండి."

"డిజైను మారితే గుణకారం మారుతుందా?"

"ఇరవై ఏళ్ళుగా ఈ ఫీల్డులో ఉన్నానండి నేను."

"ముప్పై నాలుగేళ్ళ పదకొండు నెలలు నేను."

ఆయన నన్ను వదిలేసి ఆవిడ వైపు తిరిగారు. "మీరు చెప్పండమ్మా. డెబ్భై రెండా, ఇరవై నాలుగా? ఈ మేడమ్‌గారి లెక్కే మీ లెక్కయితే ఇక్కడితో ఆపేద్దాం. పని అవతల వీధికి పంపించేస్తాను."

"ఇరవై నాలుగే అనండి, రూలు రూలే" అన్నాను. ఆ క్షణంలో నాకు రూలు కనబడింది గానీ ఆ వీధిలో పన్నెండుమంది కనబడలేదు. ఇది రాయడానికి సిగ్గుగానే ఉంది. కానీ జరిగింది జరిగినట్టు రాయాలి.

"ఇద్దరూ కాసేపు కూర్చోండి" అంది ఆవిడ. ముడిలోంచి సూది తీసి, నూలుండ ఒళ్ళో పెట్టుకుంది.

యాభై అయిదు నిమిషాలు పట్టింది. మధ్యలో టీ వచ్చింది, చల్లారింది. వేలు లేచి ఉన్నంతసేపు మేనేజరుగారు కూడా ఫోను ఎత్తలేదు. ఆవిడ ఒకటి కాదు, రెండు ముక్కలు అల్లింది. ఏడో వరసదాకా రెండూ ఒకటే. ఎనిమిదో వరస ఒకదానికి డెబ్భై రెండు, ఇంకోదానికి ఇరవై నాలుగు. మొదటిదానిలో మూడు వందల ఇరవై నాలుగు కుట్లు, రెండోదానిలో రెండు వందల డెబ్భై ఆరు. సరిగ్గా ఆరు వందలు. కూర్చుని చేసేదేమీ లేక నేనే కూడి చూశాను.

రెండూ బల్లమీద పెట్టింది. ఒకటి అరిటాకులా చదునుగా పరుచుకుంది. రెండోది మూతి బిగించిన సంచిలా ముడుచుకుపోయింది. నిమ్మకాయ ఒకటి పడుతుంది అందులో.

ముడుచుకున్నదాన్ని మేనేజరుగారి ముందుకి జరిపింది. "ఇది మీరు రాసిందండి."

పరుచుకున్నదాన్ని దాని పక్కన పెట్టింది. "ఇది మీరు అనుకున్నదండి."

ఆయన ముడుచుకున్నదానిలో వేలు పెట్టి చూశారు. వేలు లోపల ఉండగానే ఆవిడ నా వైపు తిరిగింది.

"మీరు చదివింది రైటేనండి టీచరుగారూ. కానీ ఏడో వరస అరవై మూడయ్యాక దాని తరవాతది ఇరవై నాలుగెలా అవుద్దండి? ఆ ఒక్క వరసే చదివేసి ఊరుకున్నారు మీరు. క్యాబేజీలప్పుడు నేనూ అంతే. గుడ్డ లేస్తుంటే కాగితం వంక చూశాను గానీ, కాగితాన్ని అడగలేదు."

నిజమే. పై ఏడు వరసలతో దాన్ని పోల్చి నేను చూడలేదు. ఎవరో లెక్క ఇచ్చారు, చేసేశాను.

మేనేజరుగారు వేలు బయటికి తీశారు. "బ్రాకెట్టు పడలేదన్నమాట" అన్నారు, అది దానంతటదే ఎక్కడో దారిలో పడిపోయినట్టు. జేబులోంచి పెన్నులు తీశారు. నాలుగింట్లో మూడోది రాసింది.

"ఆరుకి ముందొకటి, రెండు తరవాతొకటి అండి" అని ఆవిడ చూపించింది. వేశాక వంగి చూసి, "రెండోది సరిగ్గా మూయలేదండి, కొంచెం కిందకి లాగండి" అంది. లాగారు.

పని ఆ వీధిలోనే ఉంది. ఆ నెలనుంచి కంపెనీ షీట్లన్నిటికీ అడుగున కొత్తగా ఒక గీత వచ్చింది. పక్కన "సరిచూసినవారు" అని అచ్చు. ఏ షీటైనా ముందు ఆవిడ దగ్గరికి వెళ్ళి, ఆ గీత మీద సంతకం పడ్డాకే మిగతా వీధులకి వెళ్ళేది. రైలుకట్ట అవతలి వీధికి కూడా. షీటు మొత్తం తన చేత్తో అల్లి, బల్లమీద పరిచి, అరచేత్తో ఒకసారి నిమిరి చూసుకున్నాకే సంతకం పెట్టేది. ఎంత తొందరని ఫోను చేసినా అంతే. ఆరేళ్ళు చేసింది ఆ పని.

ఇప్పుడు ఆ షీట్లు నా దగ్గరకి తెస్తున్నారు. ఒక్కొక్కటీ రెండుసార్లు చేస్తాను, పైనుంచి కిందకి ఒకసారి, కిందనుంచి పైకి ఒకసారి. ప్రతి వరసనీ దాని ముందు వరసతో పోల్చి చూస్తాను. ఇంతవరకు తప్పు పోలేదు. కానీ సూది పట్టడం నాకు చేతకాదు. అందుకని గీత మీద సంతకం పెట్టి, పక్కన చిన్న అక్షరాలతో "లెక్క మాత్రమే" అని రాస్తున్నాను.